థైరాయిడ్ బిళ్ళ ఒంటికి పట్టాలంటే

చి. సౌ. లలితకు, పెద్దమ్మ ఆశీస్సులు.

నీ రిపోర్టు చూశాను. టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ను పనిచెయ్యమని మెదడు కింది గ్రంథి పంపే హార్మోన్, థైరాయిడ్ మందగిస్తే ఇది పెరుగుతుంది) 14, ఫ్రీ టీ4 (థైరాయిడ్ తయారుచేసే హార్మోన్) తక్కువ, యాంటీ టీపీవో (థైరాయిడ్ మీద దాడిచేసే యాంటీబాడీలు) పాజిటివ్. నీ రోగనిరోధక శక్తే థైరాయిడ్ గ్రంథిని దెబ్బతీస్తోందన్నమాట. దీన్నే హషిమోటో అంటారు. గ్రంథి చాలినంత చేయలేకపోతున్న హార్మోన్‌నే లీవోథైరాక్సిన్ బిళ్ళగా ఇస్తారు. డాక్టరు రాసింది అదే, ఇంకో మందు కోసం వెతుక్కోనక్కర్లేదు. డోసు కుదరడం, బిళ్ళ ఒంటికి పట్టడం, ఈ రెండే చూసుకోవాలి.

గ్రంథి పూర్తిగా ఆగిపోయినవాళ్ళకు బరువులో కిలోకు 1.6 మైక్రోగ్రాముల చొప్పున లెక్క వేస్తారు. 60 కిలోలుంటే దాదాపు 100. నీ గ్రంథి ఇంకా కొంత పనిచేస్తోంది కాబట్టి 50తో మొదలుపెట్టారు. మీ అత్తగారిది 25 అని పోల్చుకోకు. పెద్ద వయసు, గుండె జబ్బు ఉన్నవాళ్ళకు 12.5తోనో 25తోనో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచుతారు, లేకపోతే గుండె మీద భారం పడుతుంది.

ఎక్కువమందికి తేడా వచ్చేది వేసుకునే తీరులోనే. లేవగానే పరగడుపున మంచినీళ్ళతో మింగు. ఆ తర్వాత కనీసం అరగంట, వీలైతే గంట, నీళ్ళు తప్ప ఏమీ వద్దు. కాఫీ కూడా తిండి కిందే లెక్క, బిళ్ళ వెంటనే తాగితే మందు సరిగా పట్టదు. ఐరన్, కాల్షియం బిళ్ళలకూ దీనికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. అవి కడుపులో ఈ మందును పట్టుకుని రక్తంలోకి పోనివ్వవు. వాటిని మధ్యాహ్నం భోజనం తర్వాతకు మార్చుకో. రాత్రి పడుకునేముందు కూడా వేసుకోవచ్చుగానీ, భోంచేసి మూడు గంటలైనా గడవాలి. తొమ్మిదిన్నరకు తినే మీ ఇంట్లో అది కుదిరే పని కాదు. సీసా పొయ్యి దగ్గర పెట్టకు, వేడికీ తేమకూ మందు పాడవుతుంది. కంపెనీ కూడా మాటిమాటికీ మార్చకు. మందుల షాపులో వేరేది ఇస్తే ముందు డాక్టరును అడుగు.

ఒక రోజు మరిచిపోతే కంగారు పడకు. ఒంట్లో ఈ మందు సగానికి తగ్గడానికే దాదాపు వారం పడుతుంది. అందుకే డోసు మార్చిన పది రోజులకే పరీక్ష చేయిస్తే ఏమీ తెలియదు, ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగాలి. ఆ రోజు రక్తం ఇచ్చాకే బిళ్ళ వేసుకో. జుట్టు కోసం బయోటిన్ వాడుతుంటే రెండు రోజుల ముందే ఆపు, దానివల్ల అంకెలు తప్పుగా వస్తాయి. ఇన్నాళ్ళూ మానేసి పరీక్షకు ముందు వారం మాత్రం వేసుకుంటే, టీ4 బాగున్నా టీఎస్‌హెచ్ ఎక్కువగానే ఉండిపోతుంది. అది చూసి డోసు పెంచేస్తారు. అసలు సంగతి దాచకుండా చెప్పు తల్లీ.

బరువు తగ్గుతుందని నీ అంతట నువ్వు డోసు పెంచకు. థైరాయిడ్ వల్ల పెరిగే బరువు మామూలుగా కొద్ది కిలోలే. మందు ఎక్కువైతే గుండెదడ, చేతుల వణుకు, నిద్రలేమి వస్తాయి. ఏళ్ళ తరబడి అలాగే సాగితే ఎముకలు గుల్లబారతాయి. టీఎస్‌హెచ్ సరిపడా వచ్చాక కూడా నీరసం ఉంటే హిమోగ్లోబిన్, బీ12, విటమిన్ డీ చూపించు. చాలాసార్లు అసలు కారణం అక్కడే దొరుకుతుంది.

క్యాబేజీ, కాలీఫ్లవర్ వండుకుని నిక్షేపంగా తిను. అయోడిన్ ఉన్న ఉప్పు మాని సైంధవ లవణానికి మారకు. సముద్రపు నాచు బిళ్ళల జోలికి అసలే పోవద్దు, అయోడిన్ ఎక్కువైనా నీ గ్రంథికి చేటే.

పిల్లల కోసం అనుకుంటున్నారని మీ అమ్మ చెప్పింది. ఆ మాట డాక్టరుకు ఇప్పుడే చెప్పు. టీఎస్‌హెచ్ 2.5 లోపుకు తెచ్చుకున్నాక ప్రయత్నించడం మంచిది. నెల తప్పిందని తెలిసిన రోజే ఫోన్ చెయ్యి. చాలామందికి వారానికి ఏడు బిళ్ళల చోట తొమ్మిది వేసుకోమంటారు, నీకు ఎంతో ముందే అడిగి రాసి పెట్టుకో. ఆ తర్వాత ఐదో నెల దాకా నాలుగు వారాలకోసారి పరీక్ష తప్పదు. తొలి నెలల్లో బిడ్డ మెదడు ఎదిగేది నీ హార్మోన్ మీదే.

ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు నువ్వు వేసుకునే మందులన్నీ, ఏ వేళకు వేసుకుంటున్నావో కూడా, చీటీ మీద రాసి తీసుకెళ్ళు. గ్యాస్‌కని వాడే పాంటొప్రజోల్‌నూ వదిలెయ్యకు, దానివల్ల కూడా ఈ బిళ్ళ తక్కువగా పడుతుంది. డోసు పెంచేముందు ఆ చీటీ ఆయన చూడాలి.

మీ పెద్దమ్మ