సముద్రతలం పైనా, అడుగునా?

సందేహం: మా అమ్మాయి పాఠంలో ‘సముద్రతల జీవులు’ అని ఉంది. నీటిపైన తేలేవా, అడుగున పాకేవా? – ఒక పాఠకురాలు, కాకినాడ

సమాధానం: అమ్మా, ఈ సందేహం మీకన్నా ముందు ఆ పాఠం రాసినవారికి రావలసింది. ‘తలం’ రెండు వైపులా మొగ్గే మాట. ‘అధఃస్వరూపయోరస్త్రీ తలం’ అని అమరకోశం. అధస్సు అంటే అడుగు. భూతలం, ధరాతలం అన్నప్పుడు తోచేది రెండో అర్థం, ‘స్వరూపం’: అంటే పైకి కనిపించే ముఖం.

పోతన ఈ రెండింటినీ ఒక్క సమాసంలో బిగించాడు. మకరి ఏనుగును మడుగులోకి, ఏనుగు మకరిని గట్టుకు లాగుతుంటే, ‘భరమనుచును నతల కుతల భటు లరుదుపడన్’ అన్నాడు. అతలం కింది ఏడు లోకాల్లో మొదటిది. ‘కు’ అంటే భూమి కనుక కుతలం మనం నిలబడ్డ నేల. లాగేది కిందికీ పైకీ, చూసి విస్తుపోయేవారూ కిందా పైనా! చిన్నప్పుడు దీన్ని ఉత్త శబ్దాలంకారం అనుకున్నాను. (తెలుగు ‘తల’కు ఈ తలంతో చుట్టరికం లేదు, అది ద్రావిడం.)

పోతన ‘అ’, ‘కు’ చేర్చి దారి చూపాడు. ఉపరితలం (పైభాగం), నితలం (అడుగు) అన్నా చిక్కు లేదు. ఒంటి ‘తలం’ ఎటూ తేల్చదు.

అసలు పైభాగం, అడుగు అనే విభజనే కుదరదు. శాస్త్రజ్ఞులు పెలాజిక్ అనేది నేల అంటకుండా నీటిలోనే బతికేవాటిని, అవి రెండు కిలోమీటర్ల లోతున ఈదేవైనా సరే. బెంథిక్ అంటే నేలను నమ్ముకున్నవి. మోకాలి లోతులో రాతిని కరచుకున్న ఆలుచిప్పా అందులోదే. 1890లో జర్మన్ జీవశాస్త్రజ్ఞుడు హెకెల్ పెట్టిన ‘బెంథోస్’ అనే పేరుకు గ్రీకులో అర్థం లోతు! తికమక మనకొక్కరికే కాదు.

మీ ఊరి చేపల బజారులో వంజరాన్ని చూడండి: నీలపు వీపు, వెండి పొట్ట, కదురులాంటి ఒడలు. పక్కనే టేకు చేప: చాపలా పరచిన ఒళ్ళు, కళ్ళు పైన, నోరు కింద. ఒకటి నీటిది, ఒకటి నేలది.

నేనైతే ‘నీటినడిమి జీవులు’, ‘అడుగు జీవులు’ అంటాను. ‘నితల జీవులు’ అన్నా తప్పు పట్టను. ‘సముద్రగర్భం’ మాత్రం వద్దు. పత్రికలవారు చేపనూ, చమురుబావినీ, మునిగిన ఓడనూ అందులోనే దాస్తున్నారు. ఆలుచిప్ప పిల్లలు మొదట ప్లవకాలుగా నీట తేలి, తరవాతే అడుగున స్థిరపడతాయి. వాటి దగ్గర నా తీర్పు కొంచెం వదులే.