అమ్మాయి కంట్రీ ఆల్బమ్ చేస్తానంటోంది, ఏం చేయమంటారు?

ప్రశ్న: మేం డాలస్ దగ్గర ఉంటాం. మా అమ్మాయి ఇక్కడే పుట్టింది, ఇప్పుడు పన్నెండో తరగతి. ఆరేళ్లు కర్ణాటక సంగీతం నేర్చుకుని, మానేసి గిటార్ పట్టుకుంది. ఇంగ్లీషులో సొంతంగా కంట్రీ పాటలు (అమెరికా పల్లెల్లో పుట్టిన తరహా పాటలు) రాసి పాడుతుంది. కంప్యూటర్ సైన్స్‌లో సీటు వచ్చింది. తనేమో కాలేజీ ఒక ఏడాది ఆపి, 11 పాటలతో తొలి ఆల్బమ్ చేస్తానంటోంది. స్టూడియో వాళ్లు 18 వేల డాలర్లు అడుగుతున్నారు. సింగర్ అవుతానంటే ఎలా ఒప్పుకోవాలని మా వారు నెల రోజులుగా దానితో సరిగ్గా మాట్లాడటం లేదు. తెనాలిలో మా అత్తగారి మీద, ఆవిడ ఇంటి అరుగు మీద ఒక పాట రాసింది. అది విని నాకు కన్నీళ్లు ఆగలేదు. అందుకే గట్టిగా వద్దనలేకపోతున్నాను.

జవాబు: అమ్మా, ముందు డబ్బు సంగతి. ఆ 18 వేల డాలర్లు ఇప్పుడు కట్టకండి. అమ్మాయి మీద నమ్మకం లేక కాదు. కంట్రీ సంగీతంలో పని పాట రాయడంతో మొదలవుతుంది. ఆల్బమ్ చాలా తర్వాతి మాట.

మీ వారు "సింగర్" అన్నారు. మన సినిమా పాటకు రాసేవారొకరు, బాణీ కట్టేవారొకరు, పాడేవారొకరు. అందుకే సంగీతం అనగానే మనకు ప్లేబ్యాక్ సింగరే గుర్తొస్తారు. మీ అమ్మాయి మూడూ తనే చేస్తోంది. ఇలాంటివారిని మనం వాగ్గేయకారులు అంటాం. త్యాగయ్య కీర్తనలు ఆరేళ్లు పాడిన పిల్లకు ఇది కొత్త దారేమీ కాదు.

పేరున్న కంట్రీ గాయకుడు క్రిస్ స్టేపుల్టన్ కథ మీ ఇంట్లో ముగ్గురూ కూర్చుని మాట్లాడుకోవాలని నా కోరిక. కెంటకీలో బొగ్గుగని పనివాడి కొడుకు. కంట్రీ సంగీతానికి కేంద్రమైన నాష్‌విల్‌లోని వాండర్‌బిల్ట్ యూనివర్సిటీలో ఇంజనీరింగ్‌లో చేరి మధ్యలో మానేశాడు. మీ వారికి ఈ మాట దగ్గరే టెన్షన్ మొదలవుతుందని తెలుసు, కాస్త ఆగమనండి. 2001లో మళ్లీ నాష్‌విల్ వచ్చాడు, ఈసారి సంగీతం కోసం. వచ్చిన కొద్ది రోజులకే ఒక పబ్లిషింగ్ కంపెనీ (రచయితల పాటలను గాయకులకు చేర్చి, రాబడిలో వాటా తీసుకునే సంస్థ) అతన్ని పాటలు రాయడానికి పెట్టుకుంది. పన్నెండు పదమూడేళ్లు ప్రధానంగా ఆ పనే. కెన్నీ చెస్నీ, జార్జ్ స్ట్రెయిట్, ల్యూక్ బ్రయాన్ లాంటి పెద్ద గాయకులు అతని పాటలు పాడారు, వాటిలో కొన్ని నంబర్ వన్ అయ్యాయి. మధ్యలో బ్యాండ్లలో పాడాడు. 2013లో సొంతంగా ఒక పాట విడుదల చేస్తే అంతగా ఆడలేదు, దాంతో సిద్ధంగా ఉన్న ఆల్బమ్ బయటకు రాకుండానే ఆగిపోయింది. ఆ ఏడాదే తండ్రి పోయాడు. దుఃఖంలో ఉన్న అతను, భార్య కలిసి ఆరిజోనాలో ఒక పాత జీప్ కొని నాష్‌విల్ దాకా నడుపుకుంటూ వచ్చారు. తర్వాత ఆల్బమ్‌కు పేరిచ్చిన 'ట్రావెలర్' పాట ఆ దారిలోనే పుట్టింది. 2015 మే 5న ఆ తొలి ఆల్బమ్ వచ్చేనాటికి అతనికి 37 ఏళ్లు. అదే నవంబర్‌లో కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ వేదిక మీద ఒక్క రాత్రి పాడి మూడు అవార్డులు తీసుకున్నాడు. ఆ వెంటనే ఆల్బమ్ అమెరికా మొత్తం జాబితాలో మొదటి స్థానానికి వెళ్లింది. అది తొలి ఆల్బమే, నిజం. కానీ దాని వెనక పద్నాలుగేళ్ల ఉద్యోగం ఉంది. నెలనెలా ఇల్లు గడిచింది పాటలు రాసే పనితో.

ఆ పని ఎలా నడుస్తుందో చెప్తాను. నాష్‌విల్‌లో మ్యూజిక్ రో అని కొన్ని వీధులున్నాయి. పొద్దున పది, పదకొండుకు ఇద్దరు ముగ్గురు రచయితలు ఒక గదిలో కూర్చుంటారు, సాయంత్రానికి పాట తయారు. గదిలో ఉన్నవాళ్లంతా వాటా సమానంగా పంచుకోవడం అక్కడి ఆనవాయితీ. పబ్లిషింగ్ కంపెనీ ఇచ్చే నెలసరి సొమ్మును 'డ్రా' అంటారు. అది జీతం కాదు, పాట మీద రాబడి వచ్చినప్పుడు అందులోంచి మినహాయించుకుంటారు. పాట ప్రచురిస్తామంటూ మిమ్మల్నే డబ్బు అడిగేవాళ్లు వస్తే మాత్రం అక్కడే ఆగిపోండి. నిజమైన పబ్లిషర్ తనే డబ్బిస్తాడు, అడగడు.

ఇంకో సంగతి మీ వారికి తప్పకుండా చెప్పండి. అమెరికాలో మామూలు ఏఎం, ఎఫ్ఎం రేడియోలో పాట వస్తే రాసినవారికి రాయల్టీ వస్తుంది, పాడినవారికి రాదు. స్టేపుల్టన్ తొలి ఆల్బమ్‌లో జనం అన్నిటికంటే ఎక్కువగా పాడుకునే పాట 'టెనెసీ విస్కీ' అతను రాసింది కాదు, డీన్ డిల్లన్, లిండా హార్‌గ్రోవ్ ఎప్పుడో రాసింది. అది రేడియోలో మోగినప్పుడల్లా సొమ్ము వెళ్లేది వాళ్ల లెక్కలోకే.

"టేలర్ స్విఫ్ట్ 16 ఏళ్లకే తొలి ఆల్బమ్ చేసింది కదా" అని అమ్మాయి అంటుంది. చేసింది, 2006లో. అయితే ఆల్బమ్ కంటే ముందు ఆమె చేతికి వచ్చింది పాటల రచయితగా ఒప్పందం. అప్పటికి 14 ఏళ్లు. ఆ రికార్డింగుల యాజమాన్యం కంపెనీదే కాబట్టి 2019లో వాటిని ఇంకొకరికి అమ్మేశారు. పాటలు తనవి కాబట్టే ఆమె వాటిని మళ్లీ పాడి రికార్డు చేయగలిగింది. చివరికి 2025లో పాత రికార్డింగులు కూడా కొనుక్కుంది. స్టూడియో కాగితం మీద సంతకం పెట్టేముందు మాస్టర్ రికార్డింగ్ (అసలు రికార్డింగు) ఎవరిదో చూడమని చెప్పేది ఇందుకే.

మీరు అడగలేదు గానీ ఒక కష్టం దాచకూడదు. కంట్రీ రేడియోలో ఆడవాళ్ల పాటలు మగవాళ్ల పాటలకంటే తక్కువ వినిపిస్తాయి. ఒంటి రంగు వేరైతే ఇంకా కష్టం. నల్లజాతి గాయకుడు చార్లీ ప్రైడ్ తొలి రికార్డులను 1960లలో ఆయన ఫొటో లేకుండా రేడియోలకు పంపారు. మీ పక్కనే ఆర్లింగ్టన్‌లో పుట్టిన నల్లజాతి గాయని మిక్కీ గైటన్ 2011లో పెద్ద కంపెనీతో ఒప్పందం చేసుకుంటే, పూర్తి ఆల్బమ్ 2021లో వచ్చింది. పదేళ్లు! మీ అమ్మాయిని భయపెట్టడానికి చెప్పడం లేదు. ఆ పదేళ్లూ నిలబడటానికి చేతిలో ఇంకో పని, ఒక డిగ్రీ ఉండాలని చెప్తున్నాను.

అందుకే నా సలహా: కాలేజీ ఆపొద్దు, ఊరు మార్చండి. నాష్‌విల్‌లోని బెల్మాంట్ యూనివర్సిటీలో పాటల రచన డిగ్రీగానే చదవొచ్చు. కంట్రీ గాయకుడు బ్రాడ్ పైస్లీ చదివింది అక్కడే. ఫీజు ఎక్కువ, ఆ మాట దాచను. దగ్గర్లోనే మర్‌ఫ్రీస్‌బరోలో మిడిల్ టెనెసీ స్టేట్ యూనివర్సిటీ ఉంది, రికార్డింగ్ పరిశ్రమకు పేరున్న విభాగం అక్కడ ఉంది. రెండు చోట్లా కంప్యూటర్ సైన్స్ కూడా ఉంది కాబట్టి మీ వారి మాట, పిల్ల మాట రెండూ నిలుస్తాయి. ఈ ఏడాది దరఖాస్తుల గడువు దాటిపోయి ఉంటే, వచ్చిన సీటులోనే చేరి తర్వాత బదిలీ కావచ్చు. ఖర్చు బరువైతే మీ టెక్సాస్‌లోనే లెవెల్‌ల్యాండ్‌లో సౌత్ ప్లెయిన్స్ కాలేజీ ఉంది. కంట్రీ, బ్లూగ్రాస్ నేర్పే కమ్యూనిటీ కాలేజీ అది. కంట్రీ గాయని లీ ఆన్ వొమాక్ అక్కడ చదివి, తర్వాత బెల్మాంట్‌కు వెళ్లింది.

మీ అమ్మాయి అక్కడే పుట్టింది కాబట్టి వీసా చిక్కు లేదు. ఇది చదివే ఇతర తల్లిదండ్రులు ఒకటి గమనించండి. హెచ్-4 వీసా (హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబానికి ఇచ్చేది) మీద ఉన్న పిల్లలకు పనిచేసే అనుమతి ఉండదు, 21 నిండితే ఆ వీసా కూడా ఉండదు. పాట అమ్మేముందు ఇమ్మిగ్రేషన్ లాయర్‌ను అడగండి.

ఇక ఈ వేసవికి. 11 పాటల్లో మూడు ఎంచుకోమనండి. గొంతు, గిటార్ చాలు, ఇంట్లోనే శుభ్రంగా రికార్డు చేసి కాపీరైట్ రిజిస్టర్ చేయించండి. తర్వాత రెండు వారాలు తల్లీకూతుళ్లు నాష్‌విల్ వెళ్లి రండి. అక్కడ బ్లూబర్డ్ కెఫే అని 1982 నుంచి నడుస్తున్న చిన్న హోటల్ ఉంది, మహా అయితే తొంభై మంది పడతారు. పాట నడుస్తుంటే ఎవరూ మాట్లాడకూడదని అక్కడ నియమం. సోమవారం రాత్రి కొత్త రచయితలకు మైకు ఇస్తారు, వెళ్లేముందు పేరు ఎలా నమోదు చేసుకోవాలో చూసుకోండి. ఆ కెఫేను ఇప్పుడు నడిపేది పాటల రచయితల సంఘమే. ఆ సంఘం శాఖలు వేరే ఊళ్లలోనూ ఉన్నాయి, డాలస్ చుట్టుపక్కల ఉందేమో కనుక్కోండి.

అక్కడ ఏం పాడాలో తనే తేల్చుకోవాలి. నన్నడిగితే తెనాలి అరుగు పాటే పాడమంటాను. ఎవరో ఒక మనిషి, ఏదో ఒక ఇల్లు, అక్కడ జరిగిన చిన్న సంగతి, ఇవే కంట్రీ పాటకు ప్రాణం. ఆ ఊరివాళ్లు తమ నానమ్మల అరుగుల మీద బోలెడు రాశారు. తెనాలి అరుగు గురించి రాయగలిగేది మీ అమ్మాయే. బయల్దేరే ముందు ఒక రాత్రి, టీవీ కట్టేసి, ఆ పాట వాళ్ల నాన్నకు ఎదురుగా కూర్చుని పాడమనండి. అది ఆయన అమ్మ మీద రాసిన పాట.