అత్తింటి అమాకు అంత్యక్రియలు: నేను ఎంతవరకు పాల్గొనాలి?

ప్రశ్న: మాది కాకినాడ. పెళ్లయి సింగపూర్‌లో స్థిరపడ్డాను. నా భర్తది హొక్కియెన్ చైనీయుల కుటుంబం. ఆయన నానమ్మను ఇంటిల్లిపాదీ ‘అమా’ అని పిలుస్తాం. వయసు 89. నా ఇద్దరు పిల్లలనూ పెంచింది ఆమే. ఇప్పుడు మంచం దిగలేకపోతున్నారు. చివరి రోజు వేయవలసిన బట్టలు, పెట్టవలసిన ఫోటో ఎప్పుడో తీసి ఉంచుకున్నారు. మొన్న నా చెయ్యి పట్టుకుని, “నువ్వూ మావాళ్ల వరసలోనే కూర్చోవాలి, నాకు కాగితాలు కాల్చాలి” అన్నారు. సరేనన్నాను. మా అమ్మకు చెబితే, “నీ చేత బొట్టు తీయిస్తారు, మనకెందుకు ఆ మైల” అని ఏడ్చింది. మరోవైపు నా భర్త కొన్నేళ్ల కిందట క్రైస్తవం స్వీకరించారు. అగరొత్తి పట్టుకోనని నాతో అన్నారు గానీ మామగారికి చెప్పలేదు. ఆయన ఇంటికి పెద్ద మనవడు. ఆ రోజు ఏమవుతుందోనని నాకు నిద్ర పట్టడం లేదు.
– ఒక సోదరి, సింగపూర్

జవాబు: మీరు ఇచ్చిన మాట సరైనదే. నిలబెట్టుకోండి. తన చావు గురించి నోరు విప్పడానికి చైనీయుల ఇళ్లలో చాలామంది జంకుతారు. అలాంటిది ఆ పెద్దావిడ మీ చెయ్యి పట్టుకుని మరీ అడిగారంటే, మనవడి భార్యగా ఆ వరసలో మీకొక చోటు ఉందని అందరికంటే ముందు ఆమే తేల్చేశారన్నమాట. ఇక మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టింది మీ అమ్మగారి కన్నీళ్లు కాదు, మీ భర్త మౌనం. దాని సంగతి తర్వాత రాస్తాను.

ముందు అక్కడ మీరు చూడబోయేవి కొన్ని తెలుసుకోండి. తెలియకపోతే మనసు కష్టపెట్టుకుంటారు. పార్థివ దేహాన్ని మూడు, ఐదు లేదా ఏడు రోజులు, అంటే బేసి సంఖ్యలో ఉంచుతారు. చాలా కుటుంబాలు ఫ్లాట్ల కింది ఖాళీ అంతస్తులోనే ఈ ఏర్పాటు చేసుకుంటాయి. ఇంట్లో దేవుళ్ల పీఠాన్ని ఎర్ర కాగితంతో కప్పేస్తారు. దీపం, అగరొత్తులు ఆరిపోకుండా రాత్రంతా ఎవరో ఒకరు మేలుకుని ఉంటారు. పక్క బల్లల దగ్గర కొందరు పేకాటో మాజాంగో ఆడుతుంటారు. దుఃఖం లేక ఆడుతున్నారని అనుకోకండి. ఆ సందడితో నిద్ర ఆపుకుంటారు, పోయినవారిని ఒంటరిగా వదలకుండా చూసుకుంటారు. శవపేటిక మూసే సమయంలో అందరూ ఒక్కసారిగా వెనక్కి తిరిగి నిలబడతారు. మనవాళ్లు చివరి చూపు కోసం ఎగబడే క్షణంలో వాళ్లు ముఖం తిప్పుకోవడం మీకు గుండె కోసినట్టు ఉండవచ్చు. అదీ ఆచారమే. మీరూ తిరగండి. చివరి చూపు అంతకుముందే తీరిగ్గా చూసుకోండి.

కాగితాల సంగతి: బంగారు, వెండి రేకు అంటించిన కాగితాలను పాతకాలపు లోహపు కడ్డీల్లా మడిచి, పోయినవారికి పైలోకంలో డబ్బుగా అందాలని కాలుస్తారు. అమా మిమ్మల్ని అడిగింది ఇదే. నేర్చుకుందామని ఇప్పుడే ఇంట్లో మొదలుపెట్టకండి, మనిషి బతికుండగా అది అపశకునంగా తోస్తుంది. ఆ రాత్రి పెద్దవాళ్ల పక్కన కూర్చుంటే చెయ్యి దానంతటదే తిరుగుతుంది.

బొట్టు విషయంలో మీ అమ్మగారి భయం ఉత్తది కాదు. చావింట్లో చైనీయులు సాధారణంగా ఒంటి మీద ఎరుపు ఉండనివ్వరు, ఎందుకంటే వాళ్లకది శుభకార్యాల రంగు. మనకేమో భర్త ఉండగా నుదురు బోసిగా ఉంచడం అన్నిటికంటే పెద్ద అశుభం. రెండు పక్షాలదీ ఒకే రకమైన భయం. చిన్న నల్ల బొట్టు పెట్టుకోండి. మంగళసూత్రం చొక్కా లోపల ఉంచుకోండి, మిగతా నగలు తీసేయండి. ఈ మాట మీ అత్తగారికి ముందుగానే చెప్పి ఒప్పించండి. నల్ల బొట్టుకు ఆమె అభ్యంతరం చెబుతారని నేను అనుకోను.

మైల గురించి మీ అమ్మగారికి ఆమె పద్ధతిలోనే జవాబు చెప్పవచ్చు. పెళ్లయిన ఆడపిల్లకు అత్తింటి మైల పూర్తిగా అంటుతుందని, కన్నవాళ్లు పోయినా మూడు రోజులే పడుతుందని మన ఇళ్లలో అందరికీ తెలిసిందే. ఆ లెక్కన అమా పోతే ఆ మైల మీదే. పక్కకు తప్పుకోవడమే మన ఆచారానికి విరుద్ధం. నిజానికి ఆమె భయమంతా కూతురు పరాయిదైపోతోందని. వాదించి గెలవడం కంటే, ఒకసారి వీడియో కాల్‌లో అమాను చూపించండి. తన మనవలను పెంచిన చేతులను ఆమె కూడా చూడాలి.

ఇక మీ భర్త. పెద్ద కొడుకుకు పెద్ద కొడుకు అంటే అక్కడ కేవలం మనవడు కాదు. చాలా కుటుంబాల్లో అతన్ని కొడుకుల వరసలోనే లెక్కిస్తారు, ఊరేగింపులో ఫోటో గానీ ధూపపాత్ర గానీ అతని చేతికిస్తారు. అంతటి మనిషి బంధువులందరి ముందు, శవపేటిక ఎదుట, “నేను పట్టుకోను” అంటే మీ మామగారికి జరిగే అవమానం చిన్నది కాదు. ఆయన విశ్వాసాన్ని నేను తప్పు పట్టను. దాన్ని ఇన్నాళ్లు తండ్రి దగ్గర దాచడం మాత్రం తప్పే. ఈ వారమే చెప్పాలి, మీ నోటితో కాకుండా ఆయనే చెప్పాలి. మధ్యవర్తిగా మీరు వెళితే, కొడుకును మార్చింది కోడలేనన్న మాట మీ మీద పడుతుంది.

ఆయన ఏ సంఘమో మీరు రాయలేదు. కాథలిక్కు అయితే దారి సులువు. 1742లో పోపు పూర్తిగా నిషేధించిన చైనీయుల పితృ మర్యాదలను 1939 డిసెంబరులో రోమ్ తిరిగి చాలావరకు అనుమతించింది. భౌతిక కాయం ముందు, ఫోటో ముందు తల వంచడం గౌరవమే తప్ప పూజ కాదని అంగీకరించింది. ప్రొటెస్టెంటు సంఘాల్లో చాలావరకు అగరొత్తులను, పోయినవారికి మొక్కడాన్ని ఒప్పుకోవు. అయినా చేయగలిగినవి మిగిలే ఉంటాయి: ఫోటో ఆయన పట్టుకోవచ్చు, ధూపపాత్ర బాబాయి పట్టుకోవచ్చు. అగరొత్తి బదులు పువ్వు పెట్టి మౌనంగా నిలబడవచ్చు. అన్ని రాత్రులూ మేలుకుని వచ్చినవారికి మర్యాదలు చేయవచ్చు. సింగపూర్‌లో ఇలా సర్దుకున్న కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. “ఇది చేయను” అన్న మాట కంటే ముందు “ఇవన్నీ నేనే చేస్తాను” అన్న జాబితాతో తండ్రి దగ్గరకు వెళ్లమనండి. కర్మ జరిపే పెద్దకు కూడా ముందే తెలిస్తే, మీ భర్త చేతికి ఎవరూ అగరొత్తి అందించకుండా చూస్తారు.

పిల్లలకు నిజం చెప్పండి. అమా నిద్రపోతోందని మాత్రం అనవద్దు, మునిమనవలకు ఆ వరసలో వాళ్ల చోటు వాళ్లకు ఉంటుంది. శవపేటికలోకి తొంగి చూడమని బలవంతం చేయకండి.

సెలవు సంగతి ఇప్పుడే చూసుకోండి. సింగపూర్ చట్టం ప్రకారం ఇంట్లో మరణానికి తప్పనిసరి సెలవు అంటూ లేదు, అంతా మీ ఉద్యోగ ఒప్పందం మీదే ఆధారపడుతుంది. ఒప్పందంలో ఉన్నా భర్త నానమ్మ ఆ జాబితాలో లేకపోవచ్చు. ఏడు రోజులకు సరిపడా మీ సొంత సెలవు దాచుకోండి. దహనంతోనే అంతా అయిపోదు. ఏడేసి రోజుల చొప్పున 49వ రోజు వరకు, ఆపై నూరవ రోజున కర్మలు జరిపే కుటుంబాలు ఉన్నాయి. ఏటా ఏప్రిల్ 4, 5 తేదీల ప్రాంతంలో వచ్చే చింగ్‌మింగ్‌కు, అంటే పోయిన పెద్దలను తలచుకునే పండుగకు, అస్థికలు ఉంచిన చోటికి వెళతారు. అన్నిటికీ ఎవరెవరు వెళ్లాలో, మీ భర్త వంతు ఏమిటో మామగారితో జరిగే ఆ ఒక్క సంభాషణలోనే మాట్లాడుకోండి. అమాకు స్పృహ ఉన్నప్పుడే, వీలైతే ఆమె మంచం పక్కనే.