మోతిబిందు తీసినా మొహం ఆనదేం?

ప్రశ్న: మా అమ్మకు 72 ఏళ్లు. రెండేళ్ల కింద రెండు కళ్లకూ మోతిబిందు ఆపరేషన్ అయింది. ఆరు నెలలుగా ఎదురుగా కూర్చున్న మనిషి మొహం ఆనడం లేదని, పక్కన తిరిగే కోడి మాత్రం కనబడుతోందని అంటోంది. నల్లగొండలో చూపిస్తే కంటి నరం దెబ్బతిన్నదని, ఎడమ కంటికి ఇంజెక్షన్లు వేయించాలని చెప్పారు. పైగా పొద్దుగూకే వేళ అరుగు మీద రంగురంగుల బట్టల పిల్లలు కూర్చున్నారంటుంది. గాలి సోకిందని వాడకట్టు వాళ్లు అంటున్నారు. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, దేవరకొండ

జవాబు: ముందుగా ఆ పిల్లల సంగతి, ఎందుకంటే మిమ్మల్ని ఎక్కువగా భయపెడుతున్నది అదే. అది గాలి కాదు, మతి తప్పడమూ కాదు. కంటి నుంచి రావలసిన దృశ్యం సరిగా అందనప్పుడు మెదడు ఆ ఖాళీని తనకు తోచిన బొమ్మలతో నింపుకుంటుంది. చూపు మందగించిన తన తాతగారికి ఇలాగే మనుషులు కనబడటాన్ని 1760లో చార్లెస్ బానెట్ అనే స్విస్ పండితుడు రాసిపెట్టాడు. ఈ స్థితికి ఆయన పేరే పెట్టారు. ఆ పిల్లలు మాట్లాడరు. దీపం వేసినా, కళ్లు అటూ ఇటూ తిప్పినా చాలాసార్లు మాయమవుతారు. మాటలు కూడా వినబడుతున్నాయన్నా, వాళ్లు నిజంగానే ఉన్నారని ఆమె వాదించినా వేరే కారణం ఉండవచ్చు కనుక డాక్టరుకు చెప్పండి.

మోతిబిందు కంటి ముందు భాగంలోని కటకానికి వస్తుంది. మీ అమ్మగారికి దెబ్బతిన్నది వెనకనున్న రెటీనా అనే తెర నడిబొడ్డు, అంటే మొహాలను, అక్షరాలను పోల్చుకునే మాక్యులా. నల్లగొండలో కంటి నరం అన్నది దీన్నే, ఈ జబ్బు పేరు మాక్యులర్ డీజనరేషన్. వయసుతో అక్కడ పసుపుపచ్చని మడ్డి పేరుకుని చూపు మెల్లగా తగ్గితే పొడి రకం అంటారు. బలం లేని కొత్త రక్తనాళాలు మొలిచి నీరు, నెత్తురు కారితే తడి రకం. మీకు చెప్పిన ఇంజెక్షన్లు సాధారణంగా తడి రకానికి వేసేవి. చుక్కలతో తిమ్మిరి ఎక్కించి కంటిలోకే వేస్తారు కాబట్టి వినడానికి ఉన్నంత బాధ వేయించుకోవడంలో ఉండదు. సాధారణంగా మొదట నెలకొకటి చొప్పున మూడు వేసి, స్కానింగులో తేమ చూసి ఎడం పెంచుతారు. చాలా ఇళ్లలో ఒకటి వేయించి, తేడా తెలియక, వరికోతలయ్యాక చూద్దామని ఆగిపోతారు. ఈ జబ్బులో నాకు అన్నిటికన్నా కోపం తెప్పించేది ఆ వాయిదాయే, ఎందుకంటే మచ్చ కట్టిన చోట చూపు తిరిగి రాదు.

రెండో కంటిని కనిపెట్టుకుని ఉండాలి. గోడకున్న గళ్ల క్యాలెండరు ముందు చదివే అద్దాలతో కూర్చోబెట్టి, ఒక్కో కన్ను మూయించి, నడిమి తేదీనే చూడమనండి. గీతలు వంకర పోయినా, గడి మాయమైనా రెండు మూడు రోజుల్లోనే డాక్టరును కలవండి. లూటీన్, జింక్ కలిసిన మాత్రలు మధ్య దశలో జబ్బు ముదరడాన్ని కొంత నెమ్మదింపజేస్తాయే గాని పోయిన చూపును తేవు. చుట్ట అలవాటుంటే మాన్పించండి. బీటా కెరోటిన్ ఉన్న మాత్రలు పొగతాగేవారికి వద్దు.

పక్కచూపు నిలుస్తుంది కనుక ఆమె పూర్తి చీకట్లో పడరు. మొహానికి కొంచెం పక్కగా చూడటం నేర్పితే మనిషిని పోల్చుకోగలరు. బియ్యం నల్లగుడ్డ మీద పోసి, వెలుతురు భుజం వెనక నుంచి పడేలా కూర్చోబెడితే వడ్లు ఏరే పని ఆమె చేతిలోనే ఉంటుంది. తడిమి పోల్చుకునేలా బీపీ మాత్రల డబ్బాకు రబ్బరు బ్యాండు చుట్టండి. ఇంట్లోకి వచ్చేవాళ్లు గడప దగ్గరే ఫలానా అని పేరు చెప్పాలి. నేనెవరో గుర్తుపట్టు చూద్దామని పరీక్ష పెట్టకూడదు.