ఎస్కమ్ చర్చి వ్యాసం పంపిన అమ్మాయికి

అమ్మాయీ,

నీ వ్యాసం మూడో పేరాలో "గోథిక్ శిల్పకళా వైభవం" అన్న మాట దగ్గర కాగితాలు పక్కన పడేశాను. ఇంగ్లండులో డరమ్ కౌంటీలోని ఆ పల్లెటూరి చర్చిని సుమారు 675లో కట్టారు. కోసు కమానుల గోథిక్ శైలి పుట్టడానికి ఇంకా నాలుగు శతాబ్దాల పైన ఉంది. వాక్యం బాగానే నడుపుతావు, సరే.

చర్చి గురించి రాసేవాళ్లు ముందు గోడ చదవాలి. లోపలికి అడుగుపెట్టే ముందు బయట ఓ చుట్టు తిరగాలి. ఎస్కమ్ రాళ్లు చాలావరకు దగ్గర్లోని బించెస్టర్ రోమన్ కోట నుంచి వచ్చినవి. కొన్నిటి మీద వాలు గళ్లుగా ఉలి గీతలుంటాయి, అది రోమన్ల చెక్కుడు. ఉత్తరపు గోడలో రోమన్ సైన్యపు దళమైన ఆరో లీజియన్ పేరున్న రాయి తలకిందులుగా ఉంది. పేర్చినవాడికి రాయి చదరంగా ఉంటే చాలు, అక్షరాలతో పనేముంది? ఆ రాయి నీ వ్యాసంలో లేనే లేదు!

కిటికీలన్నిటినీ ఒకే కాలానికి కట్టేశావు. గోడ పైభాగాన ఉన్న బుల్లివి మొదటినాటివి. బయట ఇరుకు, లోపల వెడల్పు. చిన్న కంతలోంచి వచ్చిన వెలుతురు పరుచుకోవాలని అలా చేశారు. సన్నగా, తల కోసుగా ఉన్నవి 13వ శతాబ్దంలో తొలిచినవి. పెద్దవి 19వ శతాబ్దానివి. పాత గోడను తొలిచి కిటికీ పెడితే చుట్టూ రాళ్ల వరస తెగుతుంది. ఆ తెగిన చోటు వెతుకు.

హాలుకీ బలిపీఠానికీ మధ్య కమాను చూడు. దాని పక్కల ఒక రాయి నిలువుగా, దాని మీద ఇంకోటి అడ్డంగా, మళ్లీ నిలువుగా పేర్చారు. అడ్డరాయి గోడ మందంలోకి దిగి నిలువురాయిని బిగించి పట్టుకుంటుంది. ఈ పేర్పుకు ఎస్కమ్ పేరే స్థిరపడింది.

హాలు పొడవు 43 అడుగుల పైన, వెడల్పు 14 అడుగుల పైన, అంటే మూడింట ఒకవంతు. "పాఠకుడికి అంకెలు ఎక్కవు" అని వీటిని కొట్టేసి ఫొటో అడిగే సంపాదక మహాశయులను నమ్మకు. "ఇరుకు" అంటే ఎంత ఇరుకని పాఠకుడు అనుకోవాలి?

"కాలానికి రాళ్లు పెచ్చులూడాయి" అన్నావు. కాలం మీదికి తోసెయ్యకు, రాళ్ల సందుల్లో సున్నముందా సిమెంటుందా చూడు. సిమెంటు పూస్తే తడి సందుల్లోంచి బయటికి పోలేక రాతిలోంచి పోతుంది. లవణాలు అక్కడే పేరుకుంటాయి, చలికి నీరు గడ్డకడుతుంది, రాతి ముఖం పొరలుగా లేస్తుంది.

"పదమూడు వందల ఏళ్లుగా చెక్కుచెదరని" అని ముగించావు. 1863లో ఊరివాళ్లు కొత్త చర్చి కట్టుకుని దీన్ని వదిలేస్తే పాడుబడింది. 1875–80 మధ్య బాగుచేశారు. అక్కణ్ణుంచి మొదలుపెట్టి తిరగరాయి. ఏ పత్రికకు పంపాలన్న మాట తర్వాత.