హిప్‌హాప్‌లోకి ఆడవాళ్లు ఆలస్యంగా వచ్చారా?

లేదు, లయకు మాటలు కలిపి చెప్పే ర్యాప్ పాటలకు పేరుపడ్డ ఈ సంగీతంలో వాళ్లు మొదటి నుంచీ ఉన్నారు. గుర్తింపే ఆలస్యమైంది. 1979లో ‘రాపర్స్ డిలైట్’ అనే పాట రికార్డు చేయించి ర్యాప్‌ను రేడియోకెక్కించిన నిర్మాత సిల్వియా రాబిన్సన్ అనే మహిళే. 1984లో న్యూయార్క్ క్వీన్స్‌బ్రిడ్జ్ అమ్మాయి రొక్సాన్ షాంటేకి పద్నాలుగేళ్లు. తమ పాటలో ఒక అమ్మాయిని ఎగతాళి చేసిన యూటీఎఫ్ఓ అనే మగ బృందానికి ఆమె ర్యాప్‌లోనే ఘాటుగా బదులిచ్చింది. ఇక చూడండి, జవాబు పాటలు వరసకట్టాయి! ఎమ్‌సీ లైట్ అనే ర్యాప్ గాయని 1988లో సోలో ఆల్బమ్ తెచ్చింది.

కానీ ఎవరికి ఛాన్స్ ఇవ్వాలో తేల్చింది ఎక్కువగా మగవాళ్లే. ఒక బృందానికి ఒక్క అమ్మాయి చాలన్న లెక్క చాలాకాలం నడిచింది. నా దృష్టిలో అసలు అన్యాయం అదే. అమెరికా సంగీత పురస్కారాలైన గ్రామీలో ఉత్తమ ర్యాప్ ఆల్బమ్ అవార్డు 1996లో మొదలైతే, సోలోగా ఒక మహిళ, కార్డి బి, దాన్ని తొలిసారి గెలిచింది 2019లో.