టోటల్ లాస్ కారుకి బేరం ఎక్కడ ఆడాలి

చి. అల్లుడికి ఆశీస్సులు.

గుద్దుకున్న నీ కారు రిపేరు చేయించడం దండగని తేలితే దాన్నే బీమావాళ్ళు టోటల్ లాస్ అంటారు. ముందు పాలసీ కాగితం తీసి ఐడీవీ, అంటే పాలసీలో కారుకి కట్టిన విలువ, ఎంత రాశారో చూడు. మార్కెట్లో ఇలాంటి కారు ఏడు లక్షలు పలుకుతోందని నువ్వూ, ఐదు కూడా రాదని నష్టం లెక్కకట్టే సర్వేయరూ వాదించుకోవడం దండగ. పాలసీ నడిచే ఏడాది పొడుగునా ఐడీవీయే బండి విలువ. పదకొండో నెలలో గుద్దుకున్నా మళ్ళీ తరుగు తియ్యకూడదు. ప్లాస్టిక్, రబ్బరు సామాన్లకి సగం కోసే లెక్క రిపేరు క్లెయిములదే, టోటల్ లాస్‌కి వర్తించదు. ఇంజన్ 1500 సీసీ లోపైతే క్లెయిములో నువ్వు భరించాల్సిన తప్పనిసరి కోత 1000 రూపాయలు, ఆపైన 2000. ప్రీమియం తగ్గుతుందని నువ్వే అదనంగా ఒప్పుకున్న కోత ఉంటే అదీ పోతుంది. ఇంకేం తగ్గించినా ఏ షరతు ప్రకారమో మెయిల్లో రాయమను.

రిపేరు ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితేనే టోటల్ లాస్. నీ ఐడీవీ ఆరు లక్షలనుకుంటే ఆ గీత నాలుగున్నర లక్షల దగ్గర. షెడ్డువాడి ఎస్టిమేట్ ఎంతున్నా సర్వేయర్ ఒప్పుకున్న అంకే లెక్క. ఆయన గీతకి కింద 4.3 లక్షల దగ్గర ఆపితే ఊరుకోకు. పైపైన చూసి వేసిన అంచనా అయ్యుంటుంది. బంపరు, ఫెండర్లు విప్పించి, ముందు ఛాసిస్ వంకర, ఇంజన్ మౌంటింగులు, వైరింగ్, పేలిన ఎయిర్‌బ్యాగులు ఆయన ఎదుటే చూపించి, సప్లిమెంటరీ (అదనపు) ఎస్టిమేట్ వేయించు. సర్వే రిపోర్టు కాపీ అడిగి తీసుకో.

అసలు బేరమంతా పాడైన బండి దగ్గరే. పాలసీ మాట ప్రకారం ఇచ్చేది ఐడీవీలోంచి ఆ బండి విలువ తీసేసిన మొత్తం. పాడైన బండి కొనేవాళ్ళ కొటేషన్లు బీమా కంపెనీయే తెప్పిస్తుంది. ఎక్కువ పాట 1,80,000 అనుకో. కోత వెయ్యి పోను కంపెనీ 4,19,000 ఇస్తుంది, మిగతా 1,80,000 కొన్నవాడి దగ్గర తీసుకోమనొచ్చు. దెబ్బ ఇక్కడే తగులుతుంది. వాడు నెల తర్వాత వచ్చి బ్యాటరీ లేదు, టైర్లు మార్చేశారు అంటూ లక్షన్నర చేతిలో పెడతాడు. ముప్ఫై వేలు గోవిందా. అందుకని కొనేవాడి పేరు, రేటు, ఎన్నాళ్ళ వరకు చెల్లుతుందో రాసి ఇమ్మను. బండి షెడ్డులో ఉండగానే బ్యాటరీ, అయిదు టైర్లు, స్టీరియో, కిలోమీటర్ల రీడింగు ఫోటోలు తీసి పెట్టుకో. డబ్బు ఖాతాలో పడ్డాకే బండి కదలాలి. రేటు మరీ ఎక్కువ కట్టారనిపిస్తే ‘అంత పలికేదైతే బండి మీరే తీసుకోండి, ఐడీవీ పూర్తిగా ఇచ్చేయండి’ అని రాతపూర్వకంగా అడుగు. ఈ ఒక్క మాటకి చాలా కొటేషన్లు దిగొస్తాయి.

ఆర్సీతో ఇస్తే ఒక రేటు, ఆర్సీ రద్దు చేసి ఇస్తే ఒక రేటు చెబుతారు. ఎక్కువ వస్తుందని మొదటిదానికి ఆశపడకు. తుక్కుకి ఆర్సీ ఎందుకు? నీ కారు ఛాసిస్ నంబరు దొంగ బండికి కొట్టుకోవడానికి! ఆ బండి ఎవరినైనా గుద్దితే నోటీసు నీ గుమ్మంలోకి వస్తుంది. కారు ఇక నడవదని తేలాక 14 రోజుల్లో ఆర్టీఏ ఆఫీసుకి తెలియజేయాలని చట్టం. ఆర్సీ రద్దు చేయించు. బండి పేరు మార్చే ఫారం 29, 30 ఖాళీగా సంతకం పెట్టి ఎవరికీ ఇవ్వకు.

కారు మీద లోను ఉంటే బ్యాంకు బాకీ తీరాకే మిగిలింది నీకు. క్లెయిము నడుస్తోంది కదా అని ఈఎంఐ ఆపకు, అప్పుల పరపతి చెప్పే సిబిల్ స్కోరు పాడవుతుంది. టోటల్ లాస్ అని తేలిన రోజు నుంచి షెడ్డులో పార్కింగు రోజుకింత అని పడొచ్చు. ఎంతో, ఎవరు కడతారో ముందే అడుగు.

కంపెనీ ఇస్తానన్న అంకె నచ్చకపోతే డబ్బు ముట్టినట్టు రాసే వోచరు మీద ‘పూర్తి పరిష్కారం’ అని సంతకం చేయకు. కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాసి నెల చూడు. ఆనక హైదరాబాద్ లక్డీకాపూల్‌లోని బీమా ఫిర్యాదులు తేల్చే అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్ళు, రెండు తెలుగు రాష్ట్రాలకీ అదే. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. కంపెనీ కాదన్నాక ఏడాదిలోపు వెళ్ళాలి.

బండి ఇచ్చేముందు అద్దం మీది ఫాస్టాగ్ గీకేసి, ఖాతా మూయించు. లేకపోతే ఏ టోల్ గేటు దగ్గరో నీ డబ్బు పోతూనే ఉంటుంది.

నీ మావయ్య